ముందు బ్రేకు... ఆ తర్వాతే వేగం

‘ఆడవాళ్ల చేతికి స్టీరింగ్ ఇస్తే బండి గోడకే!’ ఈ హాస్యం వినని ఇల్లాలు ఉండదేమో. నవ్వి ఊరుకుంటాం. ఊరుకోబట్టే అది ఇంకా బతికుంది. మా గోరంట్లకు పొరుగునే ఉన్న పెనుకొండ మండలం ఎర్రమంచిలో 2019 నుంచీ కార్లు తయారవుతున్నాయి. మా మండలంలోని పాలసముద్రం మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. కార్లు పుట్టే చోటూ దగ్గరే, కార్లు పరిగెత్తే దారీ దగ్గరే. స్టీరింగ్ ముందు కూర్చునే ఆడవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది! ‘కారు నేర్చుకుని నువ్వేం చెయ్యాల? ఏడికి పోవాల?’ అని అడిగేవాళ్లు ఇంటింటికీ ఉన్నారు.

ఇలాంటి చోట కూర్చుని, గంటకు మూడు వందల కిలోమీటర్లు పరిగెత్తే స్పోర్ట్స్ కారు ముచ్చట ఎందుకంటారా? ఆ కారును ట్రాకు మీద నడిపేవాళ్లకు నేర్పే మొదటి పాఠం మనింటి చిన్న కారుకూ పనికొస్తుంది. హైవే ఎక్కే మన పిల్లల ప్రాణాలకూ పనికొస్తుంది.

ట్రాక్ డే అంటే?

అది రేసు కాదు. పోటీ ఉండదు, కప్పు ఉండదు. రేసుల కోసం కట్టిన ట్రాకును ఒక రోజు మామూలు డ్రైవర్లకు తెరుస్తారు. ఎదురు బండ్లు, గేదెలు, స్పీడు బ్రేకర్లు లేని చోట కారు శక్తి ఎంతో తెలుసుకోవచ్చు. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో సుమారు 3.7 కిలోమీటర్ల ట్రాకు ఉంది. కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే 2003లో మొదలైంది. 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ పోటీలు జరిగిన బుద్ధ్ సర్క్యూట్ ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలో ఉంది. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా-ఇ పోటీ జరిగింది కానీ, అది నగరం రోడ్లు మూసి వేసిన తాత్కాలిక ట్రాకు.

ఇక కారు సంగతి. లంబోర్గిని అనే పేరు వినే ఉంటారు. ఇటలీలో ఆ పేరు పెట్టిన పెద్దమనిషి మొదట తయారుచేసింది ట్రాక్టర్లు! 1963లో కార్లకు దిగాడు. ఆ కార్ల గుర్తు ఎద్దు. మన రైతులకు నచ్చే కథే కదూ! 2014లో వచ్చిన వాళ్ల ‘హురకాన్’ కారులో ఇంజన్ డ్రైవరు వీపు వెనక ఉంటుంది. పది సిలిండర్లు, ఆరు వందల గుర్రాల బలం. మనకు తెలిసిన ఆల్టో 800కు యాభై గుర్రాలైనా లేవు. నిలబడ్డ కారు వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి మూడు సెకన్ల పైచిలుకు చాలు. అంటే మనం సీటు బెల్టు సర్దుకునేంత సేపు!

సీటుతో మొదలు

ముందు కారుకు పరీక్ష. టైర్లు, బ్రేకులు చూస్తారు. లోపల వదులుగా ఉన్న నీళ్ల సీసా, గొడుగు, బొమ్మలు అన్నీ తీయిస్తారు. గట్టిగా బ్రేకు వేస్తే అవి దొర్లి పెడల్ కిందకు చేరతాయి. చున్నీ, కొంగు, జారే చెప్పులు కుదరవు. నూలు బట్టలు, పల్చటి అడుగున్న బూట్లు, తలకు హెల్మెట్ ఉండాలి. తర్వాత జెండాల పాఠం. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉంది, ఎవరినీ దాటకూడదు. ఎరుపు ఊపితే అందరూ నెమ్మదించి వెనక్కి రావాలి. నీలం ఊపితే వెనక వేగంగా వచ్చే బండి ఉందని అర్థం.

పక్క సీట్లో శిక్షకుడు కూర్చుని మొదట సరిచేయించేది సీటే. బ్రేకు పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండాలి. వీపు సీటుకు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచుకు అందాలి. మనలో చాలామందిమి ఇంట్లో మగవాళ్లు జరిపి పెట్టిన సీటు అంచున కూర్చుని, మెడ చాచి నడుపుతాం. సగం భయం అక్కడే పుడుతుంది!

ఆ తర్వాత బ్రేకు. మలుపుకు ముందు దారి పక్కన పెట్టిన గుర్తు దగ్గర, కారు తిన్నగా ఉన్నప్పుడే గట్టిగా బ్రేకు వేయాలి. వేగం తగ్గాక తిప్పాలి. టైరు పట్టు ఒక్క బిందె నీళ్ల లాంటిది. బ్రేకుకు ఎక్కువ వాడేస్తే తిరగడానికి మిగలదు. చూపు కూడా ముఖ్యం. కారు మన కళ్లు చూసే వైపే పోతుంది. గోడను చూస్తూ కూర్చుంటే గోడకే పోతుంది. మలుపు అవతలి దారిని చూడాలి. నెమ్మదిగా లోపలికి వెళ్లి, దారి కనబడ్డాకే వేగం పెంచాలి. అంత బలమున్న కారు నేర్పేది ముందు ఆగడం!

ఒక్కో విడత పదిహేను, ఇరవై నిమిషాలకు మించదు. చివరి చుట్టు బ్రేకులు చల్లారేలా నెమ్మదిగా తిప్పాలి. ఆపాక హ్యాండ్ బ్రేకు వేయకూడదు, వేడికి పట్టేస్తుంది.

బ్రేకుకు తోలు వేయించిన ఇల్లాలు

ఇదంతా మగవాళ్ల విద్య అనుకునేవాళ్లు బెర్తా బెంజ్ కథ వినాలి. 1888లో ఈమె భర్తకు చెప్పకుండా, ఆయన తయారుచేసిన కారులో ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని జర్మనీలో వంద కిలోమీటర్ల దూరంలోని పుట్టింటికి బయల్దేరింది. ఇంధనం దారి మూసుకుపోతే టోపీ పిన్నుతో శుభ్రం చేసింది. బ్రేకు దిమ్మెలు అరిగితే చెప్పులు కుట్టేవాడితో తోలు కొట్టించింది. కారు పనికొచ్చే వస్తువని లోకానికి నమ్మకం కలిగించింది ఆ ప్రయాణమే.

1975లో ఇటలీకి చెందిన లెల్లా లొంబార్డి ఫార్ములా వన్‌లో అర పాయింటు సాధించింది. సౌదీ అరేబియాలో ఆడవాళ్లకు డ్రైవింగ్ హక్కు అమల్లోకి వచ్చిన 2018 జూన్ 24నే, ఆ దేశపు అసీల్ అల్ హమద్ ఫ్రాన్స్‌లోని ట్రాకు మీద ఫార్ములా వన్ కారు నడిపింది. మన దేశంలో హిమాచల్ అమ్మాయి శ్రియా లోహియా 2024లో ఫార్ములా 4 పోటీలకు దిగింది. అదీ నటుడు నాగచైతన్య యజమానిగా ఉన్న హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టు తరఫున!

హైవే ట్రాకు కాదు

నాలుగు వరసల నున్నటి రోడ్డు చూస్తే కుర్రవాళ్ల కాలు ఆగదు. కానీ లెక్క చూడండి. అరవై వేగంలో కారు ఆగడానికి బ్రేకు పడ్డాక సుమారు ఇరవై మీటర్లు కావాలి. నూట ఇరవైలో నలభై కాదు, ఎనభై మీటర్లు! వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగింతలు. మనం ఉలిక్కిపడి కాలు బ్రేకు మీద పెట్టేలోపు దొర్లిపోయే మీటర్లు వేరే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వందలో డెబ్బై చావులకు కారణం అతివేగమే. ట్రాకు మీద దారి తప్పితే ఇసుక, టైర్ల గోడ ఉంటాయి. హైవే మీద ఉండేది రోడ్డు దాటుతున్న ఎవరో అమ్మ.

అందుకే వేగం సరదా ఉన్న పిల్లాణ్ని తిట్టి ఊరుకోకుండా, దానికంటూ ఓ చోటుందని చెప్పండి. లంబోర్గినీ అక్కర్లేదు. హైదరాబాద్, బెంగళూరుల్లో గో-కార్టింగ్ ఉంది. సొంత కారుతో ట్రాక్ డేకు వెళ్లాలంటే బీమా సంగతి ముందే కనుక్కోండి. మామూలు పాలసీలు రేసులకు, వేగ పరీక్షలకు వర్తించవు.

మరి మన మాటేమిటి? కారు నేర్చుకుంటున్నవాళ్లు రేపే సీటు మీ ఎత్తుకు జరుపుకోండి. ఖాళీ మైదానంలో, పక్కన తెలిసినవాళ్లను కూర్చోబెట్టుకుని, నలభై వేగంలో ఒకసారి బ్రేకు పూర్తిగా తొక్కి చూడండి. ఎబిఎస్ ఉన్న కారులో పెడల్ కాలి కింద గడగడలాడుతుంది. బెదిరి కాలు తీయకండి, అది పని చేస్తోందన్నమాట. నాలుగుసార్లు చేస్తే ఆపగలనన్న ధైర్యం వస్తుంది. ఆపగలిగిన మనిషికి నడపడానికి భయమెందుకు?