బటర్‌బర్: గుణమెంత, అపాయమెంత?

పార్శ్వపు నొప్పి బాధ అనుభవించినవారికే తెలుస్తుంది. తలలో ఒక ప్రక్క సుత్తితో మోదినట్లు పోటు పెడుతుంది. వెలుతురు చూడలేరు, చప్పుడు వినలేరు, కడుపులో త్రిప్పుతుంది. చీకటి గదిలో తలకు గుడ్డ బిగించి పడుకొనడము తప్ప మరొక పని సాగదు. నెలకు నాలుగైదుసార్లు ఇట్లా వచ్చేవారు, ఎవరు ఏ మందు చెప్పినా వాడి చూడడములో వింత లేదు. ఋతువు మారగానే తుమ్ములతో, ముక్కు కారడముతో, కన్నుల దురదతో బాధపడేవారి సంగతీ ఇంతే.

ఈ రెండు బాధలకూ పనిచేస్తుందని పేరు పొందిన మూలిక ఒకటి ఉన్నది. దానిని బటర్‌బర్ అంటారు. ఇది మన నేలపై పెరిగే మొక్క కాదు. అమెరికాలో ఉన్న పిల్లలు, బంధువులు వస్తూ తెచ్చే సీసాలలోనే ఇది మనవారికి కనబడుతుంది. సీసాపై ఆకు బొమ్మ ఉంటుంది, మూలిక గనుక భయము లేదని ఇంటివారు అనుకొంటారు. ఆ ధైర్యము ఎంతవరకు నిలుస్తుందో ఈ మొక్క కథే చెబుతుంది.

బటర్‌బర్ శాస్త్రనామము పెటసైటిస్ హైబ్రిడస్. యూరపు ఖండములో వాగుల ఒడ్డున, తడి నేలలలో పెరుగుతుంది. ఆకులు గొడుగులంత వెడల్పు. గ్రీకు భాషలో వెడల్పు అంచుగల టోపీని పెటసోస్ అంటారు, మొక్క పేరు దానినుండి వచ్చినది. పూర్వము అక్కడివారు వెన్నను ఈ ఆకులలో చుట్టి ఉంచేవారట. మన పల్లెలలో విస్తరాకు చేసే పని అక్కడ ఈ ఆకు చేసిందన్నమాట. చామంతి, బంతి, మన పొలాల గట్లను ఆక్రమించిన వయ్యారిభామ, ఇవన్నీ ఏ కుటుంబమునకు చెందినవో బటర్‌బర్ కూడా ఆ కుటుంబమునకే చెందినది. ఈ చుట్టరికమును గుర్తుంచుకోవాలి, తరువాత దీనితో పని పడుతుంది.

ఈ మూలికకు గుణము లేదని కొట్టివేయడానికి వీలు లేదు. పార్శ్వపు నొప్పిగల 245 మందిపై జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2004లో వెలువడినవి. వారిలో కొందరికి ఈ మొక్క వేరునుండి తీసిన సారమును 75 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, మరికొందరికి మందు లేని ఉత్త మాత్రలను ఇచ్చారు. ఎవరికి ఏది ఇస్తున్నదీ రోగికి గాని వైద్యునికి గాని తెలియనివ్వలేదు. నాలుగు నెలలలో మందు తిన్నవారికి నొప్పి వచ్చే పర్యాయములు 48 శాతము తగ్గినవి. ఉత్త మాత్ర తిన్నవారికి కూడా 26 శాతము తగ్గినవి! మందు వేసుకొంటున్నామన్న నమ్మకమే, కాలక్రమములో జబ్బు తనంతట తాను హెచ్చుతగ్గులు కావడమే ఇంత పని చేస్తాయి. కనుక మందు గొప్పదనమంటే ఈ రెండు అంకెల నడుమనున్న తేడాయే. అదీ చిన్నది కాదు. అమెరికాలోని నాడీవైద్యుల అకాడమీ 2012లో ఈ నొప్పి నివారణకు బటర్‌బర్ పనిచేస్తుందని తన మార్గదర్శకములలో ఉన్నత స్థానమిచ్చినది.

పుప్పొడి వలన వచ్చే తుమ్ములకు, జలుబుకు ఆకు సారమును వాడి చూశారు. 2002లో వెలువడిన ఒక పరీక్షలో 125 మంది రోగులు పాల్గొన్నారు. మన మందుల షాపులలో దొరికే సెటిరిజిన్‌తో పోల్చగా, రెండు వారాలలో రెండూ ఇంచుమించు సమానముగా పనిచేసినట్లు తేలినది. అయితే ఈ పరీక్షలో ఉత్త మాత్రలు తిన్న జట్టు లేదు. 26 శాతము సంగతి చూసిన తరువాత ఇది ఎంత లోటో చదువరులే గ్రహిస్తారు.

మొక్కలోని పెటాసిన్ అనే పదార్థము, దాని బంధువులు ఈ గుణమునకు కారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అలర్జీ కలిగినపుడు ముక్కు పొరలు వాచేటట్లు చేసే ల్యూకోట్రయీన్లు అనే పదార్థములు శరీరములో తయారు కాకుండా ఇవి అడ్డుపడతాయి.

చిక్కంతా అదే వేరులో, అదే ఆకులో ఉండే మరొక పదార్థముతో వచ్చినది. వీటిని పిరోలిజిడీన్ క్షారాభములు అంటారు. కదలలేని మొక్క తనను మేయవచ్చే పురుగులనుండి కాపాడుకొనడానికి వీటిని తయారు చేసుకొంటుంది. ఇవి కడుపులోనికి పోయినపుడు వెంటనే ఏమీ చేయవు. కాలేయములోని ఎంజైములు, అన్ని పరాయి పదార్థములను మార్చినట్లే, వీటినీ మార్చి బయటికి పంపబోతాయి. ఆ మార్పులోనే విషము పుడుతుంది. విరుగుడు చేయబోయి విషము చేసినట్లన్నమాట. అది కాలేయములోని సన్నని రక్తమార్గముల లోపలి పొరను దెబ్బ తీస్తుంది. మార్గములు పూడుకొనిపోయి, రక్తము వెనుకకు తట్టి, పొట్టలో నీరు చేరుతుంది.

ఇది యూరపువారి బెడద మాత్రమే కాదు. 1970ల నడుమ, అప్పటి మధ్యప్రదేశములోని సర్గుజా జిల్లా పల్లెలలో కడుపులు ఉబ్బి జనము మరణించసాగారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు, మరికొందరు వైద్యులు అక్కడికి వెళ్ళి పరిశోధించారు. ఆ ప్రజలు తినే సామల వంటి చిరుధాన్యములో ఒక కలుపు మొక్క గింజలు కలిసి ఉన్నవి. అది మన జనుము జాతికి చెందిన మొక్క. దాని గింజలలో ఉన్నవి ఈ క్షారాభములే. ఆ కుటుంబాలు మూలిక మాట వినలేదు, మాత్ర మింగలేదు, రోజూ తినే తిండే తిన్నారు. మొక్కనుండి వచ్చినది గనుక మేలే చేస్తుందనేవారికి ఆ గింజలే సమాధానము.

ఈ క్షారాభములను సారమునుండి తొలగించవచ్చు, తొలగిస్తున్నామని తయారీదారులు చెబుతారు. కాని ఎంత తొలగించాలి? జర్మనీవారు 1992లో పెట్టిన హద్దు ప్రకారము లోనికి తీసుకొనే మూలికా మందుతో రోజుకు ఒక మైక్రోగ్రాము మించరాదు, అదైనా ఏడాదికి ఆరు వారాలే. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షవ వంతు. దీనిని కంటితో గాని, నాలుకతో గాని కనిపెట్టే ఉపాయము లేదు. అందుకు ప్రయోగశాల కావాలి. అమెరికాలో 1994 చట్టము ప్రకారము ఇటువంటి వాటిని ఆహార అనుబంధములుగా అమ్ముతారు. అమ్మకమునకు ముందు ప్రభుత్వము వద్ద క్షేమకరమని రుజువు చేయనక్కరలేదు. కనుక సీసాపై ఉన్న “క్షారాభములు లేవు” అన్న మాట అమ్మేవాని మాటే.

పోనీ, ఆ మాట నిజమే అయినా సందేహము తీరలేదు. శుద్ధి చేసిన సారము తిన్నవారిలో కూడా కాలేయము చెడినట్లు కొన్ని నివేదికలు వచ్చినవి. బ్రిటన్ ఔషధ నియంత్రణాధికారులు 2012లో బటర్‌బర్ వాడవద్దని ప్రజలను హెచ్చరించారు. వారికి తెలియవచ్చిన 40 అనుమానిత కాలేయ వ్యాధులలో రెండింటిలో కాలేయము మార్చవలసి వచ్చినది. అంతకుముందే, 2009లో, జర్మనీలో ఆ మందుకు ఉన్న అనుమతి పోయినది. ఉన్నత స్థానమిచ్చిన అమెరికా నాడీవైద్యుల అకాడమీ కూడా 2015లో తన మార్గదర్శకములను ఉపసంహరించుకొన్నది. గమనించదగిన విషయమేమంటే, మందు పనిచేయదని తేలి కాదు ఇదంతా జరిగినది. గుణము ఒక లెక్క, క్షేమము మరొక లెక్క. మొదటి లెక్క కుదిరినంత మాత్రాన రెండవది కుదరదు.

ఇన్ని తెలిసిన తరువాత, నొప్పికి ప్రొప్రనొలాల్ వంటి నివారక మందులు, పుప్పొడి బాధకు సెటిరిజిన్, ముక్కులో కొట్టే మందులు ఉండగా బటర్‌బర్ జోలికి పోకుండడమే తెలివి. ఇంటిలో చేసుకొందామని పచ్చి వేరు, ఎండుటాకు కషాయము కాచడము మరీ ప్రమాదము, వాటిలో క్షారాభములు ఉన్నవి ఉన్నట్లే ఉంటాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్న పిల్లలు, కామెర్లు వచ్చి పోయినవారు, మద్యము అలవాటు ఉన్నవారు దీనిని ముట్టరాదు. క్షయకు రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటాయిన్, కార్బమజెపీన్ వాడేవారికి అదనపు భయము ఉన్నది. ఈ మందులు కాలేయములోని ఆ ఎంజైములను మరింత చురుకు చేస్తాయి గనుక విషము ఎక్కువగా పుట్టవచ్చు. వయ్యారిభామ తగిలితే తుమ్ములు, దద్దుర్లు వచ్చేవారికి అదే కుటుంబపు బటర్‌బర్ అలర్జీని తగ్గించడానికి బదులు రేపవచ్చు.

ఇప్పటికే వాడుతున్నవారు సంగతి డాక్టరుకు చెప్పాలి. మూలికే గదా అని దాచడము చాలామంది చేసే పొరపాటు. కాలేయము పని ఎట్లా ఉన్నదో రక్తపరీక్షలో కొంత తెలుస్తుంది. ఆకలి మందగించినా, విడువని నీరసము పట్టినా, వికారము, కుడివైపు డొక్కలో నొప్పి, ఒళ్ళంతా దురద కలిగినా, మూత్రము కాఫీ రంగుకు తిరిగినా, కళ్ళు పచ్చబడినా అప్పటికప్పుడే మాత్ర ఆపి ఆస్పత్రికి వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు సీసా వెంట తీసుకొనిపోవాలి, ఖాళీదైనా సరే. అందులో ఏమున్నదో తెలిస్తేనే డాక్టరు ఎక్కడ వెదకాలో తేల్చుకొంటాడు.