వాగు రాళ్ల మీద పచ్చ మెరుపు: ఈ తూనీగను గుర్తుపట్టండి

గొడ్లను నీళ్లకు తోలుకెళ్లినప్పుడు కొండవాగులో రాయి మీంచి నెమలి రంగు మెరుపు ఒకటి తటాలున లేచి, మరో రాయి మీద వాలి మాయమవడం మీలో కొందరైనా చూసే ఉంటారు. అది సీతాకోకచిలుక కాదు, తూనీగే. ఇంగ్లీషులో స్ట్రీమ్ గ్లోరీ అంటారు. శాస్త్రీయ నామం నియురోబేసిస్ చైనెన్సిస్. పేరులో చైనా ఉన్నా మన తూర్పు కనుమల్లో, పడమటి కనుమల్లో పారే వాగుల వెంట కూడా ఉంటుంది.

గుర్తుపట్టడం ఎలా?

ముందు వాలిన తీరు చూడండి. చెరువు గట్ల మీది పెద్ద తూనీగలు రెక్కలు చాచి వాలతాయి. ఇది సన్న తూనీగల కోవది. రెక్కలు వీపు మీద ముడుచుకు కూర్చుంటుంది. కళ్లు ఎడంగా ఉంటాయి. పొడవు రెండున్నర అంగుళాలకు అటూ ఇటూ.

మగది: ఒళ్లంతా పచ్చ మెరుపు. ముందు రెక్కలు గాజులా ఉంటాయి. వెనక రెక్కల పైభాగం నెమలి పచ్చ, కొన నలుపు. అడుగు భాగం రాగి గోధుమ రంగు. అందుకే రెక్క ముడవగానే మెరుపు మాయమవుతుంది.

ఆడది: రెక్కలకు పసుపు గోధుమ ఛాయ ఉంటుంది. వెనక రెక్క నడుమ ఒక తెల్లచుక్క, కొన దగ్గర మరొకటి.

ఒళ్లు ఇలాగే పచ్చగా మెరిసే ఇంకో సన్న తూనీగ అడవి నీడల్లో ఉంటుంది. దాని వెనక రెక్కల్లో ఈ నెమలి రంగు ఉండదు.

రైతుకు దీంతో ఏం పని?

ఇది వరి మడిలోకి రాదు. దీని చిన్న చుట్టాలు వస్తాయి. దుబ్బుల మధ్య తిరుగుతూ సుడిదోమను, పచ్చదోమను పట్టి తింటాయి. వీటన్నిటి పిల్లలూ నీళ్లలోనే పెరుగుతాయి, దోమ పిల్లల్ని తింటాయి. ఆ నీటిలో పురుగుమందు కలిస్తే ఇవీ చస్తాయి. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులైతే కొద్దిపాటి మోతాదుకే చేపలూ చస్తాయి.

కాబట్టి స్ప్రేయరును వాగులో కడగవద్దు. ఖాళీ డబ్బాను మూడుసార్లు తొలిచి, ఆ నీళ్లను స్ప్రేయరులోనే పోసి అదే పొలంలో కొట్టండి. డబ్బాను వాగులో పారేయకండి. గట్టు పక్క చెట్టూ చేమా నరకకండి, తూనీగలకు అవే ఆసరా.

పోయినేడు కనిపించిన పచ్చ మెరుపు ఈ ఏడు అదే కాలంలో కనబడకపోతే, వాగు నీళ్లు ఎందుకు మారాయో ఊళ్లో నలుగురూ ఆరా తీయండి. మీ గొడ్లు తాగేదీ ఆ నీళ్లే.