లినక్స్‌లో ఖాతా తెరిచినా లాగిన్ ఎందుకు కాదు?

కళాశాల ల్యాబ్‌లోని లినక్స్ సర్వర్‌లో కొత్త విద్యార్థికి ఖాతా తెరిచారనుకుందాం. యూజర్‌యాడ్ ఆదేశం ఏ తప్పూ చూపకుండా ముగిసింది. అయినా లాగిన్ కావడం లేదు. కారణం కనిపెట్టడం కష్టమేమీ కాదు. లినక్స్‌లో ఖాతా అంటే కొన్ని ఫైళ్లలో నమోదైన వరుసలు, ఒక హోం డైరెక్టరీ. వాటిలో లోపం ఎక్కడుందో చూడాలి, అంతే.

ముఖ్యమైన వరుస ఈటీసీ డైరెక్టరీలోని పాస్‌డబ్ల్యూడీ ఫైల్లో ఉంటుంది. అందులో కోలన్లతో వేరుచేసిన గడులు 7: పేరు, పాస్‌వర్డ్ స్థానం, యూజర్ నంబరు, గ్రూప్ నంబరు, వివరాలు, హోం డైరెక్టరీ, షెల్. ఏ ఫైలు ఎవరిదో పేరుతో చూపించడానికి ప్రోగ్రాములన్నీ దీన్ని చదవాలి. అందుకే పాస్‌వర్డ్ స్థానంలో ఎక్స్ అనే అక్షరం మాత్రమే ఉంచి, అసలు పాస్‌వర్డ్ హ్యాష్‌ను మామూలు యూజర్లు చదవలేని షాడో ఫైల్లో దాచారు.

లోపాలు వెతకడం అక్కడినుంచే మొదలుపెట్టాలి. యూజర్‌యాడ్ తనంతట తాను పాస్‌వర్డ్ పెట్టదు. షాడోలోని పాస్‌వర్డ్ గడిలో ఆశ్చర్యార్థకం ఉంటే పాస్‌వర్డుతో లాగిన్‌కు తాళం పడినట్టే. పాస్‌డబ్ల్యూడీ ఆదేశంతో పాస్‌వర్డ్ పెడితే ఆ తాళం తొలగుతుంది.

తర్వాత హోం డైరెక్టరీ. డెబియన్, ఉబుంటుల్లో ఎమ్ అనే ఆప్షన్ ఇవ్వకపోతే యూజర్‌యాడ్ దాన్ని సృష్టించదు. అక్కడ యాడ్‌యూజర్ అనే వేరే ఆదేశం వాడడం మేలు. రెడ్ హ్యాట్ కుటుంబంలో హోం డైరెక్టరీ మామూలుగా దానంతటదే ఏర్పడుతుంది. రూట్‌గా మనమే డైరెక్టరీ చేసిపెడితే దాని యజమాని రూట్ అవుతుంది, విద్యార్థి అందులో ఏమీ రాయలేడు. సీహెచ్‌ఓన్ ఆదేశంతో యాజమాన్యం అతనికి మార్చాలి. ఇక పాస్‌డబ్ల్యూడీ ఫైల్లోని షెల్ గడిలో నోలాగిన్ అని ఉంటే, పాస్‌వర్డ్ సరైనదైనా సిస్టమ్ బయటికే పంపేస్తుంది.

కొన్నిసార్లు ఆదేశమే విఫలమవుతుంది. ముగింపు కోడ్ 9 అంటే ఆ పేరు ముందే ఉంది, 4 అంటే ఆ నంబరు ముందే ఉంది, 12 అంటే హోం డైరెక్టరీ ఏర్పడలేదు. ఫైలుకు లాక్ వేయలేకపోతున్నానని సందేశం వస్తే, ఖాతాలను మార్చే మరో ప్రోగ్రాం నడుస్తోందేమో చూడాలి. ఏదీ లేకుంటే మధ్యలో ఆగిన పని వదిలేసిన లాక్ ఫైలు ఉందా, డిస్కు నిండిందా, ఫైల్ సిస్టమ్ చదవడానికి మాత్రమే తెరుచుకుందా అని వరుసగా పరిశీలించాలి.

ఇవేవీ చూడకుండా ఖాతాను తొలగించి మళ్లీ తెరవడం ప్రమాదం. కెర్నల్‌కు మన పేరు పట్టదు, నంబరే గుర్తు. మామూలు ఖాతాల నంబర్లు సాధారణంగా 1000 నుంచి మొదలవుతాయి. చివరి ఖాతాను తొలగిస్తే, దాని నంబరు తర్వాత చేరిన వారికి దక్కవచ్చు. పాత యూజర్ ఫైళ్లు డిస్కులో మిగిలిపోయి ఉంటే, వాటికి ఆ కొత్త వ్యక్తే యజమాని అవుతాడు. ఒకరి ప్రాజెక్టు, ఉత్తరాలు మరొకరి చేతిలో పడతాయి. కాబట్టి ఖాతా తొలగించేముందు ఆ నంబరు మీద ఉన్న ఫైళ్లను ఫైండ్ ఆదేశంతో వెతికి, భద్రపరచాల్సినవి భద్రపరచి, మిగతావి తీసేయాలి. ఇతరుల సమాచారాన్ని కాపాడడం సిస్టమ్ నిర్వాహకుల మొదటి బాధ్యత.