విద్యుత్ బగ్గీ: తయారీ, పరుగు పరీక్ష, జమాఖర్చు



నేను కామర్స్ చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరయినవాడిని. యంత్రాలు నా విద్య కాదు. అయినా హోసూరులో మా అన్నయ్య మనవరాలు, ఆమెతో చదివే మరో ముగ్గురు పిల్లలు ఇంజనీరింగు ప్రాజెక్టు కింద ఒక విద్యుత్ బగ్గీ కట్టినప్పుడు దాని జమాఖర్చుల పుస్తకం నా చేతికి వచ్చింది. ఎనిమిది నెలలు ఆ పుస్తకం రాశాను. రూపాయలతో మొదలైన పద్దు కొద్దికాలానికే కిలోలకు, వాట్లకు, డిగ్రీలకు పాకింది. ఇలాంటి ప్రాజెక్టు మీ ఇంట్లోనూ రావచ్చు. అప్పుడు ఏమి అడగాలో తల్లిదండ్రులకు, ఏమి చూపించాలో విద్యార్థులకు తెలియడం కోసం ఈ వ్యాసం.

బగ్గీ అంటే ఏమిటి?

మట్టిదారిలో, గుంటల్లో, గట్ల మీద నడిచే తేలికపాటి నాలుగు చక్రాల బండి. పైకప్పు, తలుపులు ఉండవు. ఇనుప పైపుల పంజరం, ఒక సీటు, పెద్ద పళ్ళున్న టైర్లు, అంతే. విద్యార్థులు ఇలాంటి బండ్లు కట్టే 'బాహా' పోటీ 1976లో అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో మొదలైంది. మన దేశంలో ఎస్.ఏ.ఇ. ఇండియా సంస్థ 2007లో దీన్ని ప్రారంభించింది. 2015లో విద్యుత్ బండ్లకు 'ఈ-బాహా' అనే విభాగం కూడా వచ్చింది. మా పిల్లలు పోటీకి వెళ్ళలేదు గాని, ఆ నియమాలనే దగ్గర పెట్టుకుని పని చేశారు. ఇది మంచి పద్ధతి. నలుగురు అనుభవజ్ఞులు ఆలోచించి పెట్టిన నియమం చేతిలో ఉంటే ఊహ మీద ఆధారపడే పని తగ్గుతుంది.

మొదటి పద్దు: బరువు

పంజరానికి వెలుపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు, గోడ మందం 3 మిల్లీమీటర్లు ఉన్న ఉక్కు పైపు వాడారు. బండి బోల్తా పడినా లోపలి మనిషి తల నేలకు తగలకుండా కాపాడేది ఈ పంజరమే. అందుకని పైపు మందంలో పొదుపు పనికిరాదు. అతుకులు కూడా అనుభవం ఉన్న వెల్డరు చేతనే వేయించారు. మీటరుకు 1.65 కిలోల చొప్పున 32 మీటర్లకు పంజరం బరువు 53 కిలోలు వచ్చింది. బ్యాటరీ 32, మోటారు, కంట్రోలరు కలిపి 15, చక్రాలు, సస్పెన్షను, స్టీరింగు, బ్రేకులు 85, సీటు, నేల రేకు వగైరా 25. మొత్తం 210 కిలోలు. హెల్మెట్టుతో నడిపే మనిషి 70. అంటే మోటారు లాగవలసింది 280 కిలోలు. ఈ అంకె తెలియకుండా మోటారు కొనడం, జీతం తెలియకుండా అప్పు మంజూరు చేయడం లాంటిది.

బ్యాటరీ: సేవింగ్స్ ఖాతా

బ్యాటరీలో ఎంత నిల్వ ఉందో తెలియాలంటే వోల్టులను యాంపియర్-అవర్లతో హెచ్చించాలి. మా బగ్గీలో లిథియం ఐరన్ ఫాస్ఫేటు సెల్లులు 16 వరుసలు. ఒక్కొక్కటి 3.2 వోల్టులు కనుక మొత్తం 51.2 వోల్టులు. సామర్థ్యం 60 యాంపియర్-అవర్లు. హెచ్చిస్తే 3,072 వాట్-అవర్లు, అంటే సుమారు 3 యూనిట్ల కరెంటు. ఇంతే నిల్వ సీసపు బ్యాటరీలలో కావాలంటే బరువు రెండు, మూడు రెట్లు అవుతుంది.

ఖాతాలో మినిమం బ్యాలెన్సు ఉంచినట్టే బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు. 20 శాతం మిగిల్చి వాడితే దాని ఆయుష్షు పెరుగుతుంది. కాబట్టి వాడుకోదగినది సుమారు 2,450 వాట్-అవర్లు. సెల్లులలో ఏ ఒక్కటీ మితిమీరి నిండకుండా, మితిమీరి ఖాళీ కాకుండా కాపలా కాసే సర్క్యూటును బి.ఎం.ఎస్. అంటారు. అది లేని లిథియం బ్యాటరీని చవకగా వచ్చినా కొనవద్దు.

మోటారు: ఓవర్‌డ్రాఫ్టు

మోటారు 3 కిలోవాట్లది, నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. అంత వేగం చక్రానికి పనికిరాదు కనుక మధ్యలో చైను, పళ్ళ చక్రాలు పెట్టి వేగం తగ్గిస్తారు. వేగం ఎన్ని రెట్లు తగ్గితే తిప్పే బలం దాదాపు అన్ని రెట్లు పెరుగుతుంది. మొదట పిల్లలు 8కి 1 నిష్పత్తి పెట్టారు. లెక్క ప్రకారం గంటకు 38 కిలోమీటర్ల వేగం రావాలి.

ఎక్కుడు దారిలో మోటారు తన నిర్ణీత బలం కన్నా రెట్టింపు బలం కొద్దిసేపు ఇవ్వగలదు. ఇది ఓవర్‌డ్రాఫ్టు సౌకర్యం. దీనికి వడ్డీ వేడి రూపంలో పడుతుంది. మోటారు చుట్టలలో పారే కరెంటు రెట్టింపయితే వేడి నాలుగు రెట్లవుతుంది. అరనిమిషం వాడుకుంటే ఫరవాలేదు. అలవాటయితే చుట్టలు మాడిపోతాయి.

కూర్చునే ముందు

48 వోల్టుల తరగతి బ్యాటరీతో షాకు ప్రమాదం తక్కువని కొందరు ధైర్యం చెబుతారు. అసలు ప్రమాదం షార్టు సర్క్యూటులో ఉంది. రెండు టెర్మినల్స్ మీద ఒక స్పానరు పడితే వందల యాంపియర్లు పారి, లోహం కరిగి చిమ్ముతుంది. అందుకని పని చేసేటప్పుడు ఉంగరం, గాజులు, గడియారం తీసేయాలి. బ్యాటరీకి వీలయినంత దగ్గరలో ఫ్యూజు ఉండాలి. సీటులోంచి ఒకటి, బయట నిలబడినవారికి అందేలా ఒకటి, రెండు అత్యవసర స్విచ్చులు ఉండాలి. ఛార్జింగు మనిషి కాపలా ఉండగానే చేయాలి, పడుకునే గదిలో ఎన్నడూ చేయకూడదు. మా బ్యాటరీకి 10 యాంపియర్ల ఛార్జరుతో దాదాపు 5 గంటలు పట్టింది.

పరుగు పరీక్ష

ఇది ఇంటి దారిలో, వీధిలో చేసే పని కాదు. గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం, 250 వాట్ల లోపు మోటారు, 60 కిలోల లోపు బరువు ఉన్న బ్యాటరీ బండ్లకు మాత్రమే నిబంధనలకు లోబడి రిజిస్ట్రేషను మినహాయింపు ఉంది. మన బగ్గీ ఆ కోవలోకి రాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషను లేని వాహనాన్ని రోడ్డు మీద నడపడం నేరం. మేము బంధువుల బీడు భూమిలో, వారి అనుమతితో, 1.2 కిలోమీటర్ల చుట్టుదారి గుర్తు పెట్టుకున్నాము. పరీక్షలు ఈ వరుసలో జరిగాయి.

1. బండిని స్టాండ్ల మీద ఎత్తి, చక్రాలు గాలిలో ఉండగా తిప్పి చూడడం. రెండు చక్రాలూ సరైన దిశలో తిరుగుతున్నాయా, యాక్సిలరేటరు వదలగానే వెనక్కి వస్తోందా, అత్యవసర స్విచ్చి నొక్కితే కరెంటు ఆగుతోందా?

2. కరెంటు తీసేసి, మనుషులు తోస్తుండగా స్టీరింగు, బ్రేకు చూడడం.

3. నడక వేగంలో బ్రేకు పరీక్ష. నాలుగు చక్రాలూ ఒకేసారి బిగుసుకోవాలి.

4. 15 కిలోమీటర్ల వేగం, ఆ తరువాతే 30.

5. ఎక్కుడు పరీక్ష.

6. దూరం పరీక్ష.

మూడో మెట్టు దగ్గర పని ఆగింది. నా మనవరాలి తల్లి ముందే చెప్పింది, "బ్రేకు పట్టి చూపించాకే నువ్వు వేగం మాట ఎత్తాలి" అని. వెనుక కుడి చక్రం బిగుసుకోలేదు. గొట్టంలో గాలి బుడగ ఉంది. గాలి తీసి, మళ్ళీ పట్టి చూసేసరికి సాయంత్రమయింది. ఆరోజు వేగం పరీక్ష మానేశారు. పిల్లలకు విసుగు వచ్చింది. కాని లెక్క చూడండి. 15 కిలోమీటర్ల వేగంలో మట్టినేల మీద బ్రేకు పడ్డాక సుమారు 1.8 మీటర్లలో ఆగే బండి, 30లో 7 మీటర్లు పోతుంది. వేగం రెట్టింపయితే దూరం నాలుగింతలు. కాలు బ్రేకు మీదికి వెళ్ళే ఒక్క సెకనులో మరో 8 మీటర్లు పోతాయి. ఒక చక్రం పట్టని బ్రేకుతో ఈ లెక్క ఇంకా దిగజారుతుంది, బండి ఒక పక్కకు లాగుతుంది కూడా.

650 రూపాయల పాఠం

ఎక్కుడు పరీక్షకు 100 మీటర్లకు 15 మీటర్లు లేచే వాలు ఎంచుకున్నారు. ఐదుసార్లు ఎక్కించి మోటారు ఒంటి వేడి కొలిస్తే 96 డిగ్రీలు. ఆనాటి గాలి వేడి 30. "మోటారు చాలడం లేదు, పెద్దది కొనాలి" అన్నాడు ఒక అబ్బాయి. దాని ధర 22,000 రూపాయలు. మా మనవరాలు మాత్రం, "చిన్నతాతా, ముందు పుస్తకం ఇలా ఇవ్వండి" అని బరువు, వాలు, చక్రం కొలత తీసి లెక్క కట్టింది. 8కి 1 బదులు 10కి 1 నిష్పత్తి పెడితే అదే వాలుకు కరెంటు ఐదో వంతు తగ్గుతుంది. కరెంటు 80 శాతమైతే వేడి 64 శాతమే. పెద్ద పళ్ళ చక్రం ఒకటి తెప్పించారు, ఖర్చు 650 రూపాయలు. మళ్ళీ ఐదుసార్లు అదే వాలు ఎక్కిస్తే 72 డిగ్రీలు. గరిష్ఠ వేగం 30కి తగ్గింది. బీడు భూమిలో అంతకు మించి అవసరమూ లేదు.

ఈ ప్రాజెక్టులో పిల్లలు నేర్చుకున్న అసలు చదువు ఇదే అని నా అభిప్రాయం. కొలిచి రాసి పెట్టుకున్న అంకె లేకపోతే 22,000 ఖర్చయ్యేవి. తప్పు మోటారుదా, పళ్ళ చక్రానిదా అన్నది తేలకుండానే పోయేది.

దూరం పరీక్షలో పది చుట్లు, 12 కిలోమీటర్లకు 930 వాట్-అవర్లు ఖర్చయ్యాయి. కిలోమీటరుకు 77.5. వాడుకోదగిన 2,450తో చూస్తే ఒక ఛార్జికి 31 కిలోమీటర్లు. ఛార్జరులో పోయే నష్టం కలుపుకుని, యూనిట్‌కు 8 రూపాయలు అనుకుంటే ఆ 12 కిలోమీటర్లకు అయిన కరెంటు ఖర్చు 9 రూపాయలు.

జమాఖర్చు

ఉక్కు పైపు, వెల్డింగు 24,000, మోటారు, కంట్రోలరు 38,000, బ్యాటరీ, ఛార్జరు 58,000, చక్రాలు, స్టీరింగు, సస్పెన్షను 36,000, బ్రేకులు 9,000, సీటు, బెల్టులు, హెల్మెట్టు, ఫ్యూజు, స్విచ్చులు 13,000. మొత్తం 1,78,000 రూపాయలు. నాలుగు కుటుంబాలకు తలా 44,500. బ్రేకులు, రక్షణ సామగ్రి కలిపి దాదాపు ఎనిమిదో వంతు. ఖర్చు తగ్గించవలసి వస్తే ఈ ఎనిమిదో వంతును ముట్టుకోకూడదని మొదటి రోజే పుస్తకంలో రాసుకున్నారు.

ఒక మాట

తల్లిదండ్రులకు: 44,500 మన ఇళ్ళలో చిన్న మొత్తం కాదు. ఫీజు డబ్బు, ఉపకార వేతనం ఇలాంటి వాటిలో పెట్టనివ్వకండి. కాలేజీ ప్రాజెక్టు నిధి, పాత సామాను, పదిమంది జట్టు, ఇవన్నీ భారం తగ్గించే దారులు. బండి అవసరమా అని అడిగే ముందు అంచనా కాగితం అడగండి. బరువు ఎంత, ఎక్కడ నడుపుతారు, బ్రేకు ఎవరు పరీక్షిస్తారు? ఈ మూడింటికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలిగిన పిల్లలను ధైర్యంగా ప్రోత్సహించవచ్చు.

విద్యార్థులకు: బగ్గీ కట్టే అవకాశం అందరికీ రాదు. కాని పాత సైకిలుకు చిన్న మోటారు బిగించినా లెక్క ఇదే. కొనకముందు లెక్క కట్టండి, నడిపాక కొలవండి, కొలిచింది తేదీతో రాయండి. మా మనవరాలు ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్ళేటప్పుడు బగ్గీని తీసుకువెళ్ళలేదు. ఆ పుస్తకం తీసుకువెళ్ళింది. వాళ్ళు 96 డిగ్రీల పేజీ దగ్గర ఆగి ఇరవై నిమిషాలు ప్రశ్నలు వేశారట.