హ్యారీ విల్స్‌ను బరిలోకి రానివ్వనిదెవరు?

పాత బాక్సింగ్ కథలు చదివేవారికి ఒక సందేహం వస్తుంది. ప్రపంచ ఛాంపియన్ అన్నాక, గట్టి ప్రత్యర్థి సవాలు చేస్తే తలపడక తప్పుతుందా? వందేళ్ల కిందట నిక్షేపంగా తప్పించుకోవచ్చు. ఫలానా గడువులోగా ఫలానావాడితో ఆడకపోతే టైటిల్ ఊడబెరుకుతామని చెప్పి, అన్ని దేశాల్లో ఆ మాట చెల్లించుకోగల సంస్థ అప్పట్లో లేదు. టైటిల్ దాదాపు ఛాంపియన్ సొంత ఆస్తి. ఎవరితో, ఎక్కడ, ఎంతకు అన్నది అతనూ మేనేజరూ ప్రమోటరూ కూర్చుని తేల్చుకునేవారు.

ఈ వెసులుబాటును అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువగా వాడుకున్నది వర్ణవివక్ష. నల్లవారితో ఆడనని హెవీవెయిట్ ఛాంపియన్ జాన్ ఎల్. సలివన్ బాహాటంగానే చెప్పాడు. అందువల్ల పీటర్ జాక్సన్ అనే మేటికి అతనితో పోటీ దక్కలేదు. ఆ జాక్సనే 1891లో జేమ్స్ కార్బెట్‌తో శాన్‌ఫ్రాన్సిస్కోలో 61 రౌండ్లు పోరాడాడు, ఫలితం తేలలేదు. మరుసటి ఏడు సలివన్‌ను ఓడించి ఛాంపియన్ అయిన కార్బెట్‌తో మళ్లీ తలపడే అవకాశం జాక్సన్‌కు రానేలేదు.

1908లో జాక్ జాన్సన్ తొలి నల్లజాతి హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. 1910లో రీనోలో అతను తెల్లవాడైన జిమ్ జెఫ్రీస్‌ను చిత్తు చేయగానే అమెరికాలో చాలాచోట్ల అల్లర్లు చెలరేగి ప్రాణాలు పోయాయి. తమాషా ఏమిటంటే, ఛాంపియన్ అయ్యాక జాన్సన్ కూడా మరో నల్లజాతి బాక్సర్ సామ్ లాంగ్‌ఫర్డ్‌ను దగ్గరికి రానివ్వలేదు. నల్లవాళ్లిద్దరి పోటీకి వసూళ్లు తక్కువ, ఓటమి భయం ఎక్కువ.

రీనో పోటీ నిర్వహించినవాడు, అందులో రిఫరీగా కూడా నిలబడినవాడు టెక్స్ రిక్కార్డ్. తర్వాత జాక్ డెంప్సీకి పెద్ద పోటీలు ఏర్పాటు చేసిందీ ఇతనే. డెంప్సీ 1919లో ఛాంపియన్ అయ్యాడు. అప్పటికి అందరి నోటా వినిపించే ప్రత్యర్థి న్యూ ఆర్లీన్స్‌వాడైన నల్లజాతి బాక్సర్ హ్యారీ విల్స్. 1922లో ఇద్దరూ ఒప్పందంపై సంతకాలు పెట్టారు. కానీ డబ్బు పెట్టి పోటీ జరిపించే ప్రమోటర్ కావాలి కదా, అది తేలలేదు. రిక్కార్డ్‌కు తొందరేముంది? 1921లో ఫ్రాన్స్‌వాడైన కార్పెంటియర్‌తో పోటీకే పది లక్షల డాలర్లు దాటి వసూలయ్యాయి. విల్స్ గెలిస్తే మరో జాన్సన్ తయారవుతాడు, మరో రీనో అవుతుంది. ఆ చిక్కు నెత్తికెత్తుకోకుండానే గల్లా నిండుతోంది.

1925లో మరో ప్రమోటర్ ముందుకొచ్చాడు. డెంప్సీకి ఇస్తానన్న అడ్వాన్సు పూర్తిగా ముట్టలేదు, ఆ పోటీ అక్కడితో సరి. న్యూయార్క్ బాక్సింగ్ కమిషన్ మాత్రం విల్స్‌తో ఆడాల్సిందేనని పట్టుబట్టింది. అయితే దాని అధికారం ఆ రాష్ట్రం పొలిమేర దాటదు. 1926లో జీన్ టన్నీ అనే బాక్సర్‌తో డెంప్సీ పోటీకి న్యూయార్క్‌లో దారి మూసుకుపోతే, రిక్కార్డ్ దాన్ని ఫిలడెల్ఫియాకు తీసుకుపోయాడు. లక్షా ఇరవై వేలకు పైగా జనం వచ్చారు, డెంప్సీ ఓడిపోయాడు. అంతకుముందు మూడేళ్లపాటు అతను ఒక్కసారి కూడా టైటిల్ నిలబెట్టుకునేందుకు బరిలోకి దిగలేదు. అయినా టైటిల్ అతని దగ్గరే ఉంది.

డెంప్సీ భయపడ్డాడని కొందరంటారు. నాకు ఆ మాట నమ్మబుద్ధి కాదు, విల్స్‌తో పోటీకి అతను సంతకం పెట్టాడు. ఛాంపియన్ కాగానే నల్లవారితో ఆడనని ప్రకటించిన పాపం మాత్రం అతనిదే. మిగతా నేరం రిక్కార్డ్‌ది, టైటిల్‌ను సొంత సొత్తుగా వదిలేసిన ఆనాటి ఏర్పాటుది. విల్స్ 1926 నాటికే ముప్పై ఏడేళ్లవాడు, పరుగు మందగించింది. 1915లో జాన్సన్ టైటిల్ పోగొట్టుకున్నాక, 1937లో జో లూయిస్ వచ్చేదాకా ఒక్క నల్లజాతి బాక్సర్‌కూ హెవీవెయిట్ టైటిల్ కోసం పోరాడే అవకాశం ఇవ్వలేదు.