పైన నునుపు, లోన చివుకు

గాజునారతో పోతపోసిన పడవలకు చావు లేదని నమ్మి, 1960, 70 దశకములలో అమెరికాదేశపు మధ్యతరగతి కుటుంబములు వేలకొలదిగా వానిని కొని సరస్సులలో దింపినవి. పడవ యొడలి విషయమున నా నమ్మకము చాలవఱకు నిజమే యైనది. రెసిన్‌లో తడిసి గట్టిపడిన గాజునారను పురుగు తినదు, ఉప్పునీరు కొఱకదు. అయినను, అర్ధశతాబ్ది గడచిన యా పడవలను నేడు కొనబోవువారు మొట్టమొదట పరీక్షింపవలసినది తళతళలాడు ప్రక్కలను గాదు, అమరమును మూసి నిలిచి మోటారును మోయు ట్రాన్సమ్ అను నడ్డుగోడను. చూపునకది యెల్ల గాజునారయే. గర్భమున నున్నది ప్లైవుడ్.

1909 ప్రాంతమున ఓలే ఎవిన్రూడ్ అమ్మకమునకు దెచ్చిన, అడ్డుగోడకు తగిలించు ఔట్‌బోర్డు మోటారు ఒకటిన్నర గుఱ్ఱపు బలము గలది. తరువాతి తరములవి నూటిని దాటినవి. క్రింద ప్రొపెల్లరు నీటిని వెనుకకు నెట్టుచుండగా, మోటారు పట్టు అడ్డుగోడ దిగువను ముందుకు నొక్కి, పైయంచును వెనుకకు లాగును. ఈ పెనుగులాటను పలుచని గాజుపొర యొంటిగా భరింపజాలదు గనుక, రెండు పొరల నడుమ చెక్క నిమిడ్చిరి. ఆలోచన మంచిదే. చేటు తెచ్చినది, మోటారు బోల్టులకును, నీరు కార్చు గొట్టమునకును, లోతు తెలుపు పరికరపు మేకులకును తొలిచి, లోని చెక్కకు పూతయైన వేయక విడిచిన రంధ్రములు. వానిగుండ జొచ్చిన నీటికి మరలిపోవు దారి లేదు. తడి సుమారు 30 శాతమునకు మించి నిలిచెనా, వెచ్చదనము తోడై బూజుజాతి జీవులు చెక్కను చివికించును.

ఈ చివుకును కనిపెట్టుట కష్టము గాదు. కుండను మ్రోగించి చూచు గృహిణివలె, చిన్న సుత్తితో గోడనంతటిని తట్టవలెను. గట్టి చెక్క ఖణేలుమనును, చివికినది మొద్దుగా పలుకును. మోటారు క్రిందికొనను పట్టి యెత్తినప్పుడు గోడ కదలినను, మూలల పగుళ్లు కనబడినను అనుమానింపవలెను. లోపలివైపున సన్నని బెజ్జము వేసి, వచ్చిన పొట్టు నల్లగా తడిగా నున్నదో, తెల్లగా పొడిగా నున్నదో చూచినచో సందేహము తీఱును.

మరమ్మతునకు లోపలినుండి పోవుటయే మేలని నా యభిప్రాయము. వెలుపలి పొర చెక్కుచెదరక నిలిచి క్రొత్తచెక్కకు తానే యచ్చగును. మోటారును దింపి, ఒడలు వంకరపోకుండ క్రింద ఆనికలుంచి, అంచులవెంట రెండుమూడంగుళములు విడిచి లోపలి పొరను కోసి, చివుకునంతటిని ఉలితో తోడివేసి, పొడిగా ఆఱనీయవలెను. ఈ ఘట్టమున తొందరపడువారే పని చెఱచుకొందురు. పిమ్మట అట్టతో కొలత దీసి, 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ పలకలు రెండు ఎపాక్సీ రెసిన్‌తో నతికి, అంచులకు ఎపాక్సీ త్రాగించి, చిక్కని ఎపాక్సీ ముద్దపై వానిని గూర్చి, పాత బోల్టు రంధ్రములగుండ బిగింపవలెను. ముద్ద యంతయు బయటకు పోవునంత బిగింపరాదు. మూలలను గుండ్రముగా మెత్తి, ఒకదానికంటె నొకటి వెడల్పుగా గాజుబట్ట పొరలు పఱచి ప్రక్కలతో కలుపుట కడపటి పని. పాలిఎస్టర్ రెసిన్ చవుక, గాని పాతపొరకు ఎపాక్సీ పట్టినట్లు అది పట్టదు, గట్టిపడిన ఎపాక్సీపైనను దానిని నమ్మరాదు. గాజుధూళి ఊపిరితిత్తులకు చేటు. ముసుగు లేక కోతయంత్రము ముట్టరాదు.

క్రొత్త బోల్టు రంధ్రమును కావలసినదానికంటె పెద్దదిగా తొలిచి, ఎపాక్సీతో పూడ్చి, దాని నడుమ మరల తొలిచినచో నీటికి చెక్క తగులదు. ఈ చిన్నపని మానినచో తక్కిన శ్రమ వ్యర్థమే. మన తీరమున ఫైబరు పడవలకు మోటార్లు తగిలించుకొను జాలరులును, చెక్క గర్భమున నున్నదేమో యడిగి తెలిసికొని, పలక కొనునపుడు మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణమగు ఐ.ఎస్. 710 ముద్ర చూచి కొందురుగాక.