తెర వెనక గురువుకు తుది వందనం

తెరమీద హీరో గాల్లోకి ఎగిరి తన్నితే విజిల్ వేస్తాం. ఆ కాలు అంత ఎత్తుకు ఎలా లేచిందో, దానికి ఆ ఒడుపు నేర్పిందెవరో పట్టించుకోం. అలా నేర్పిన ఓ మనిషి 2025 మార్చిలో కన్నుమూశారు. ఆయన ఇల్లు చెన్నై. పుట్టిన ఊరు మదురై. అయినా తెలుగు అభిమానులు సొంత మనిషిని పోగొట్టుకున్నట్టే బాధపడ్డారు. ఎవరాయన? మనకేమవుతారు?

మార్చి నెలాఖరులో నిజామాబాద్ జిల్లా ఏర్గట్ల వైపు వెళితే గాలికి కూడా పసుపు వాసనే. తవ్విన కొమ్ములు ఉడుకుతుంటాయి. కల్లాల్లో, వాకిళ్లలో ఆరబోసిన రాశులు ఎండకు మెరుస్తుంటాయి. ఆ రాశుల పక్కన కూర్చున్న నలభై, యాభై ఏళ్ల పెద్దమనిషిని 'బ్రూస్‌లీ తెలుసా?' అని అడిగి చూడండి. చేస్తున్న పని ఆపేస్తాడు. ముఖంలోకి ఓ చిన్న నవ్వు వస్తుంది. రెండు కర్రముక్కల మధ్య సైకిల్ చైను బిగించి నాన్‌చాకు చేసుకున్న సంగతి, దాన్ని తిప్పబోయి సొంత నుదురే బొప్పి కట్టించుకున్న సంగతి... ఒకటొకటిగా బయటికొస్తాయి.

ఆర్మూరు, బాల్కొండ, మోర్తాడ్, ఏర్గట్ల... ఈ ప్రాంతానికి పసుపు ఎంత సొంతమో గల్ఫ్ వలస కూడా అంతే సొంతం. ఎనభైల్లో దుబాయి నుంచి, సౌదీ నుంచి సెలవుల మీద వచ్చినవాళ్లు టేప్‌రికార్డర్లతో పాటు వీసీఆర్లు కూడా మోసుకొచ్చారు. ఓ ఇంట్లో వీసీఆర్ ఉందంటే ఆ వాడకంతటికీ అదే సినిమా హాలు. భాష తెలియకపోయినా అందరికీ అర్థమయ్యే సినిమా ఏమిటి? కుంగ్‌ఫూ సినిమానే! తన్నుకి తర్జుమా అక్కర్లేదు కదా.

అసలు లీ... నకిలీ లీ!

బ్రూస్‌లీ కథానాయకుడిగా చేసినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని సినిమాలే. 1971లో 'ద బిగ్ బాస్', 1972లో 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ', 'వే ఆఫ్ ద డ్రాగన్', 1973లో 'ఎంటర్ ద డ్రాగన్'. ఆ చివరి సినిమా విడుదల కాకముందే 1973 జులై 20న హాంకాంగ్‌లో చనిపోయాడు. అప్పటికి అతని వయసు 32 ఏళ్లు. సగంలో ఆగిపోయిన 'గేమ్ ఆఫ్ డెత్'ను వేరే నటుల్ని డూపులుగా పెట్టి 1978లో పూర్తిచేశారు. అందులో బ్రూస్‌లీ నిజమైన అంత్యక్రియల దృశ్యాలను కూడా కథలో కలిపేశారు!

అతను పోయాక జరిగిన విచిత్రం మరొకటుంది. హాంకాంగ్, తైవాన్ నిర్మాతలు అతన్ని పోలిన కుర్రాళ్లను వెతికి పట్టుకున్నారు. ఒకరికి బ్రూస్ లి అని, ఇంకొకరికి బ్రూస్ లే అని, మరొకరికి డ్రాగన్ లీ అని పేర్లు పెట్టి పుంఖానుపుంఖాలుగా సినిమాలు తీశారు. పోస్టరు మీద అదే కళ్లద్దాలు, అదే హెయిర్ స్టైలు. పేరులో ఒక్క అక్షరం తేడాను ఎవరు చూస్తారు?

చూసేవాడు ఒకడుండేవాడు. ప్రతి స్నేహబృందంలోనూ అలాంటివాడు ఒకడు తప్పకుండా ఉండేవాడు. 'ఒరే, ఇతను అసలు లీ కాదురా. అసలాయన నిలబడే తీరు చూడు, కాలు ఎక్కడ పెడతాడో చూడు' అని ఆట మధ్యలో చెప్పి అందరి సరదా పాడుచేసేవాడు. విసుక్కున్నా వాడు చెప్పేది వినేవాళ్లం. ఎందుకంటే వాడి వల్లే చూడటం నేర్చుకున్నాం. కరాటే జపాన్‌దని, కుంగ్‌ఫూ చైనాదని, తైక్వాండో కొరియాదని చెప్పింది వాడే. మనలాంటి లక్షలమంది ప్రేక్షకులకూ ఈ విద్యలకూ మధ్య వంతెన అలాంటివాళ్లే.

తెలిసినవాడు పోతే ఆ వంతెన కూలినట్టుంటుంది. 2025 మార్చి 25న షిహాన్ హుస్సేనీ మరణవార్త విన్నప్పుడు చాలామందికి కలిగిన భావం అదే.

ఎవరీ హుస్సేనీ?

'షిహాన్' అన్నది పేరు కాదు, బిరుదు. జపాన్ యుద్ధవిద్యల్లో గురువులకే గురువనదగిన ఉన్నతస్థాయి శిక్షకుణ్ని అలా గౌరవంగా పిలుస్తారు. హుస్సేనీ కరాటే నేర్పారు. విలువిద్య నేర్పారు. తమిళనాడులో విలువిద్య సంఘానికి సారథ్యం వహించారు. నటుడిగా 1986లో కె.బాలచందర్ తీసిన 'పున్నగై మన్నన్'తో తెరమీదికొచ్చారు. మరుసటి ఏడాది రజనీకాంత్ 'వేలైక్కారన్'లోనూ కనిపించారు.

మనిషి తీరు కూడా మామూలుగా ఉండేది కాదు. ఏం చేసినా ఒంటిని పణంగా పెట్టి చేయడమే. 2015లో జయలలిత మళ్లీ ముఖ్యమంత్రి కావాలంటూ తనను తాను శిలువ వేయించుకుని దేశమంతటా వార్తల్లోకెక్కారు. ఇదేం అభిమానమని ముక్కున వేలేసుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ పనిని మెచ్చుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. కానీ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లకు మాత్రం ఆయన మొదట, చివర గురువే.

తెలుగువాళ్లకు ఆయన దగ్గరైంది ఓ శిష్యుడి వల్ల. ఆ శిష్యుడు... పవన్ కల్యాణ్.

'కుదరదు' అన్న గురువు

సినిమాల్లోకి రాకముందు చెన్నైలో ఉన్న రోజుల్లో కల్యాణ్ ఆయన దగ్గరికి వెళ్లారు. హుస్సేనీ వెంటనే ఒప్పుకోలేదు. ఇప్పుడు ఎవరికీ నేర్పడం లేదు, కుదరదు పొమ్మన్నారు. కల్యాణ్ వదల్లేదు. బతిమాలి ఒప్పించుకున్నారు. తెల్లవారుజామునే వెళ్లి సాయంత్రం దాకా గురువు దగ్గరే ఉండి సాధన చేశారు. బ్లాక్ బెల్ట్ సంపాదించారు. ఈ సంగతులన్నీ గురువు మరణించిన రోజున పవన్ కల్యాణే తన సంతాప సందేశంలో గుర్తుచేసుకున్నారు.

ఆ సాధన ఫలితం 1996లో వచ్చిన తొలి సినిమా 'అక్కడ అమ్మాయి ఇక్కడ అబ్బాయి'లోనే కనిపించింది. అందులోని ఒళ్లు గగుర్పొడిచే విన్యాసాలు డూపు లేకుండా చేసినవే. అసలు కల్యాణ్ పేరు ముందు 'పవన్' చేరింది కూడా ఓ బహిరంగ యుద్ధవిద్యల ప్రదర్శన సందర్భంగానేనని చెబుతారు.

ఇక 1999లో 'తమ్ముడు'. అల్లరిచిల్లరగా తిరిగే కుర్రాడు అన్న కోసం కిక్‌బాక్సింగ్ బరిలోకి దిగే కథ. ఆ శిక్షణ సన్నివేశాలు చూసి ఎన్ని ఊళ్లలో ఎంతమంది కుర్రాళ్లు తెల్లవారుజామున లేచి పరుగులు పెట్టారో లెక్కలేదు. పాత టైరు చెట్టుకు కట్టి గుద్దినవాళ్లు, ఇసుక సంచీ వేలాడదీసి తన్నినవాళ్లు... మీ ఇంట్లోనూ ఒకరు ఉండే ఉంటారు. ఆ సన్నివేశాల్లో సరిగా నటించడానికి హుస్సేనీ శిక్షణే ఉపయోగపడిందని పవన్ చెప్పారు.

ఇక్కడే ఓ తమాషా ఉంది. 'తమ్ముడు'ను అదే దర్శకుడు పి.ఎ.అరుణ్ ప్రసాద్ 2001లో విజయ్‌తో 'బద్రి'గా తమిళంలో తీశారు. అందులో హీరోకు శిక్షణ ఇచ్చే కోచ్ పాత్ర వేసింది హుస్సేనీనే! తెలుగు హీరోకు తెర వెనక గురువు, తమిళ హీరోకు తెరమీద గురువు అయ్యారన్నమాట. 2003లో పవన్ తానే దర్శకత్వం వహించిన 'జానీ'లో యుద్ధవిద్యలు నేర్పే శిక్షకుడిగా నటించారు. ఒకప్పుడు గురువు ముందు నిలబడిన శిష్యుడు తెరమీద తానే గురువయ్యాడు.

మన తెరకు ఈ విద్యల రుచి అప్పటికి కొత్తేమీ కాదు. ఎనభైల్లోనే సుమన్, భానుచందర్ కరాటే తెలిసిన హీరోలుగా కుర్రకారును ఊపేశారు. 2001లో శ్రీహరి 'భద్రాచలం'లో తైక్వాండో, 2003లో రవితేజ 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి'లో కిక్‌బాక్సింగ్... అలా ఆ విద్యలు మన కథల్లో భాగమైపోయాయి.

ఆలస్యమైపోయిన పలకరింపు

2025 మార్చిలో హుస్సేనీకి రక్తక్యాన్సర్ అని తెలిసింది. ఆ సంగతి దాచుకోలేదు. ఆసుపత్రి నుంచే ఇంటర్వ్యూలిచ్చారు. తాను శిక్షణ ఇచ్చిన చోటు తన తర్వాతా యుద్ధవిద్యలకే ఉపయోగపడాలని, ఆ బాధ్యత పవన్ తీసుకోవాలని ఉందన్నారు. చావు కళ్ల ముందున్న మనిషి తన గురించి కంటే తాను నేర్పిన నేల గురించే ఎక్కువ మాట్లాడటం చూసి అభిమానులు చలించిపోయారు.

గురువు అనారోగ్యం గురించి తెలిసి పవన్ చెన్నైలోని సన్నిహితులతో మాట్లాడారు. అవసరమైతే విదేశాలకు పంపి చికిత్స చేయించాలనుకున్నారు. మార్చి 29న స్వయంగా వెళ్లి చూడాలని నిర్ణయించుకున్నారు. కానీ 25నే హుస్సేనీ కన్నుమూశారు. వయసు 60 ఏళ్లు.

నాలుగంటే నాలుగు రోజులు! ఆయన సందేశంలో చాలామందిని కదిలించింది ఆ తేదీనే. ఎందుకంటే అలాంటి తేదీ మనలో ప్రతి ఒక్కరి దగ్గరా ఒకటుంటుంది. పండక్కి ఊరెళ్లినప్పుడు కలుద్దామనుకున్న పాత మాస్టారు, పసుపు అమ్మాక చూసొద్దామనుకున్న పెద్దాయన, సెలవు దొరికాక మాట్లాడదామనుకున్న స్నేహితుడు... గల్ఫ్‌లో ఉండి ఊళ్లో చావులకు అందుకోలేకపోయిన కుటుంబాలు ఏర్గట్ల చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. ఆ నాలుగు రోజుల బరువు వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

కన్నీళ్లకు బదులు... కటాలు

హుస్సేనీ అంతిమ వీడ్కోలు కూడా ఆయనలాగే భిన్నంగా ఉంది. చెన్నై బీసెంట్ నగర్‌లోని నివాసంలో పార్థివదేహాన్ని ఉంచారు. విలువిద్య శిష్యులు యూనిఫాంలో వచ్చి బాణాలు సంధించాలని, కరాటే శిష్యులు కటాలు ప్రదర్శించాలని కుటుంబం తరఫున పిలుపొచ్చింది. కటా అంటే ఎదురుగా శత్రువున్నట్టు ఊహించుకుంటూ ఒక క్రమంలో చేసే కదలికల వరస. అందులో ప్రతి అడుగూ గురువు నేర్పిందే. ప్రతి మలుపూ ఆయన సరిచేసిందే. గురువు ముందు చివరిసారి పాఠం అప్పజెప్పడం కంటే పెద్ద నివాళి ఏముంటుంది?

చనిపోయే ముందే తన దేహాన్ని వైద్య పరిశోధన కోసం కాలేజీకి ఇస్తున్నట్టు ఆయన ప్రకటించారు. జీవితమంతా ఒంటితోనే పాఠాలు చెప్పిన మనిషి, ఆ తర్వాత కూడా ఆ ఒంటితోనే పాఠం చెప్పాలనుకున్నారు.

ఆయన దగ్గర నేర్చుకున్నవారిలో సుమారు 3,000 మంది బ్లాక్ బెల్ట్ దాకా వెళ్లారని పవన్ తన సందేశంలో పేర్కొన్నారు. కరాటేలో బ్లాక్ బెల్ట్ మొదటి స్థాయిని 'షోదాన్' అంటారు. దాని అర్థం ఆరంభపు మెట్టు అని! నల్ల బెల్టు చేతికొచ్చిందంటే నేర్చుకోవడం పూర్తయిందని మనం అనుకుంటాం. ఇప్పుడే మొదలైందని ఆ విద్య అంటుంది.

2025 సెప్టెంబరు 25న, గురువు పోయిన సరిగ్గా ఆరు నెలలకు, పవన్ కల్యాణ్ 'ఓజీ' విడుదలైంది. జపాన్ సమురాయ్‌ల కత్తివిద్య తెలిసిన వీరుడి పాత్ర అది. థియేటర్లలో కాగితాలు ఎగిరాయి, ఈలలు మోగాయి. ఆ కేరింతల మధ్య ఎక్కడో ఓ పాత అభిమాని మనసులో 'ఇది చూడటానికి హుస్సేనీ సార్ ఉంటే' అనుకునే ఉంటాడు.

మన నేలకూ పిడికిలుంది

ఈ విద్యలు ఎక్కడివో కావచ్చు. ఒంటి బలాన్ని, దానికుండాల్సిన కట్టుబాటును గౌరవించడం మాత్రం మనకు కొత్త కాదు. ఇదే నిజామాబాద్ జిల్లాలోని హున్సా గ్రామంలో ఏటా హోలీ రోజున పిడిగుద్దులాట ఆడతారు. ఊరంతా రెండు జట్లుగా విడిపోయి, మధ్యలో కట్టిన తాడుకు అటూ ఇటూ నిలబడి పిడికిళ్లతో తలపడతారు. ఆట అయ్యాక కామదహనం బూడిద గాయాలకు రాసుకుని ఆలింగనాలు చేసుకుంటారు. కొట్టడం ఎక్కడ ఆపాలో తెలియడమే ఆ ఆటకు అందం.

ఇదే జిల్లాలో పుట్టిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో దిల్లీలో ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయ్యింది. ఆడపిల్లకు బాక్సింగేమిటన్నవాళ్ల నోళ్లు ఆ పిడికిలే మూయించింది. ఆ విజయాల వెనకా తొలి పాఠం చెప్పిన గురువులు ఉన్నారు. పతకం మెడలో పడ్డప్పుడు కెమెరాలు వాళ్ల వైపు తిరగవు. అంతే తేడా.

అందుకే ఈసారి మీ పిల్లలు ఏ సినిమాలోనో ఫైటు చూసి సోఫా మీంచి ఎగిరి దూకితే తిట్టకండి. పక్కన కూర్చోబెట్టుకుని రెండు మాటలు చెప్పండి. ఆ తన్ను వెనక ఎన్నేళ్ల తెల్లవారుజాములు ఉన్నాయో చెప్పండి. మొదట 'కుదరదు' అని, తర్వాత కాదనలేక నేర్పిన ఓ గురువు కథ చెప్పండి. మీకు అసలు లీకీ నకిలీ లీకీ తేడా చూపించిన చిన్నప్పటి స్నేహితుడి గురించి కూడా చెప్పండి.

వీలైతే ఆ స్నేహితుడికి ఇవాళే ఫోన్ చేయండి. నాలుగు రోజుల తర్వాత చేద్దామనుకోకండి.